పరుగు మానొద్దు, తగ్గించండి
60 దాటినా మారథాన్ మానని వాళ్లను మోకాలినొప్పి తరచూ వేధిస్తుంది. మెట్లు దిగేటప్పుడు చిప్ప చుట్టూ సలిపితే, చిప్ప వెనక ఒత్తిడి పెరిగిందని అనుమానించాలి. అలాగని పరుగు పూర్తిగా మానేస్తే తొడ కండరాలు నీరసించి, భారమంతా కీలు మీదే పడుతుంది. దూరం తగ్గించండి. హైదరాబాద్ మారథాన్‌లో ఎదురయ్యే ఫ్లైఓవర్ల లాంటి ఎత్తుపల్లాలు కొన్నాళ్లు వద్దు. అంగలు చిన్నవిగా, వడివడిగా వేయండి. గోడకు వీపు ఆనించి, నొప్పి రానంత మేరకే మోకాళ్లు వంచి 30 సెకన్లు నిలవండి. పిరుదుల కండరాలకూ బలం కావాలి. పరుగు లేని రోజున సైకిలో, ఈతో మంచిది. మర్నాటి పొద్దుటికీ నొప్పి తగ్గకపోతే, నిన్నటి పరుగు ఎక్కువైనట్టే. మోకాలు వాచినా, బిగుసుకుపోయినా, అడుగేస్తే తూలినా మాత్రలతో నెట్టుకురాకండి; ఎముకల డాక్టరుకు చూపించండి.