విమానం తలకిందులైతే చెయ్యి ఎటు తిప్పాలి?

పోయిన ఎపిసోడ్‌లో కంట్రోల్ లైన్ విమానాన్ని లేపడం, ఒకే ఎత్తులో తిప్పడం, దింపడం చూశాం. ఈరోజు అసలు సరదా మొదలు. పల్టీలు కొట్టిద్దాం.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. ఇందులో రేడియో రిమోట్ ఉండదు. మీ చేతిలో ఒక హ్యాండిల్, దాన్నుంచి విమానం దాకా రెండు సన్నటి స్టీల్ వైర్లు. మీరు మధ్యలో నిలబడతారు, విమానం మీ చుట్టూ తిరుగుతుంది. హ్యాండిల్‌ని పైకి వంచితే ఒక వైరు లాగుతుంది, విమానంలో ఉండే బెల్‌క్రాంక్ తిరుగుతుంది, తోక దగ్గర ఎలివేటర్ లేస్తుంది, ముక్కు పైకి పోతుంది. కిందికి వంచితే అంతా రివర్స్. 1940ల్లో అమెరికాలో జిమ్ వాకర్ దీన్ని యూ-కంట్రోల్ అనే పేరుతో జనంలోకి తెచ్చాడు. మన దగ్గర ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఉన్నవాళ్లకి ఇది కొత్త కాదు, ఏరోమోడలింగ్‌లో చూసే ఉంటారు.

ఇప్పుడు చిన్న లెక్క. స్టంట్ మోడల్‌కి వైర్లు సుమారు 18 మీటర్లు ఉంటాయి. ఒక రౌండు అయిదున్నర సెకన్లు. అంటే సెకనుకి 20 మీటర్లు దాటి పోతోంది. ఎగిరేదేమో నేలకి మీటరున్నర ఎత్తులో! ముక్కు కిందికి తిరిగిందని మీరు గుర్తుపట్టి, ఆలోచించి, చెయ్యి కదిపేలోపు పని అయిపోతుంది. రెండు నెలలు కూర్చుని బాల్సా కోసి, అంటించి, కవరింగ్ వేసిన విమానం ఒక్క దెబ్బకి పుల్లలైపోతుంది. అందుకే ఏ పల్టీ అయినా ముందు ఎత్తులో నేర్చుకోవాలి. ఇది నేను గట్టిగా చెప్తా, ఎంత తొందరగా ఉన్నా సరే.

రెండోది గాలి. పల్టీ ఎప్పుడూ గాలి మీ వీపుకి తగిలే వైపే కొట్టించాలి. అప్పుడు గాలి విమానాన్ని మీకు దూరంగా నెడుతుంది, వైర్లు బిగుతుగా ఉంటాయి. ఎదురుగాలి వైపు చేస్తే విమానం మీ మీదికే వస్తుంది, వైర్లు వదులవుతాయి. వైరు వదులైతే మీ చేతిలో ఉన్నది ఉత్త హ్యాండిల్, అంతే. అలా అనిపించిన క్షణమే గబగబా వెనక్కి నడవండి. సిమ్యులేటర్‌లో ఎంత ఆడినా చేతికి తగిలే ఆ లాగుడు మాత్రం తెలీదు.

మొదట వింగోవర్. విమానం నిలువుగా లేచి, మీ తల మీదుగా దాటి, అవతలి వైపు దిగుతుంది. తర్వాత ఇన్‌సైడ్ లూప్. ఇవి రెండూ అనుకున్నంత కష్టం కాదు. 'అప్' ఇచ్చి పట్టుకుంటే విమానం తనే గుండ్రంగా వచ్చేస్తుంది. చాలామంది ఒక లూప్ కాగానే భయపడతారు, "వైర్లు మెలిపడ్డాయి కదా!" అని. పడతాయి, లూప్‌కి ఒక మెలిక. కొన్ని మెలికలున్నా శుభ్రమైన వైర్లు ఒకదాని మీద ఒకటి జారుతూనే ఉంటాయి. తర్వాత అవుట్‌సైడ్ లూప్‌లు అన్నే కొట్టిస్తే విప్పుకుంటాయి కూడా.

అసలు గండం ఇన్వర్టెడ్. తలకిందులుగా ఎగరడం. మామూలుగా గడియారానికి ఎదురుదిశలో తిరిగే విమానం ఇక్కడ గడియారం దిశలో తిరుగుతుంది. మీ కాళ్లు కూడా అటే తిరగాలి. అది కిందికి దిగుతున్నట్టు కనిపించగానే, ఇన్నాళ్లూ అలవాటైన చెయ్యి 'అప్' ఇచ్చేస్తుంది. తలకిందులుగా ఉన్నప్పుడు 'అప్' అంటే ఏంటి? తిన్నగా నేలకి.

నేను నేర్పేటప్పుడు పైకి, కిందికి అనే మాటలే మానేయమంటాను. 'అప్' అంటే విమానం తన కాక్‌పిట్ వైపు వంగడం. 'డౌన్' అంటే చక్రాల వైపు వంగడం. ఇదొక్కటీ ఎప్పటికీ మారదు. తలకిందులైనప్పుడు చక్రాలు ఎటున్నాయి? ఆకాశం వైపు. అంటే 'డౌన్' ఇస్తే ఆకాశంలోకే పోతుంది. ఇంట్లో ఒక బొమ్మ విమానాన్ని ఎడమచేత్తో తలకిందులుగా తిప్పుతూ, కుడిచేత్తో హ్యాండిల్ కదుపుతూ రోజూ పది నిమిషాలు చెయ్యండి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

గ్రౌండ్‌లో అయితే ఇలా. లూప్ కొట్టించి, పైభాగంలో, అంటే సుమారు 13 మీటర్ల ఎత్తులో, హ్యాండిల్ నిటారుగా చేసేయండి. విమానం అక్కడే తలకిందులుగా పోతుంది. ఒక సెకను చాలు. తర్వాత 'డౌన్' ఇచ్చి సగం అవుట్‌సైడ్ లూప్‌తో మామూలుగా తిప్పేయండి. అంత ఎత్తులో 'అప్' ఇచ్చినా లూప్ పూర్తయి బతికి బయటపడతారు, నిజమే. కానీ ఆ అలవాటు పడితే, కిందికి దిగి ఎగిరే రోజున అదే అలవాటు విమానాన్ని మింగేస్తుంది. కాబట్టి మొదటి రోజు నుంచీ 'డౌన్'తోనే బయటికి రండి. ఒక సెకను రెండవుతుంది, పావు రౌండు సగం రౌండవుతుంది. ఒక రౌండు పూర్తిగా తిప్పాక, అప్పుడు కొంచెం కొంచెంగా ఎత్తు తగ్గించండి. పడుకోబెట్టిన ఎనిమిది లాంటి హారిజాంటల్ ఎయిట్ ఆ తర్వాత సులువుగానే వస్తుంది, ఎందుకంటే అది ఒక ఇన్‌సైడ్ లూప్, ఒక అవుట్‌సైడ్ లూప్, అంతే.

ఇది వదలకుండా వినండి. మన ఊళ్లలో ఖాళీ గ్రౌండ్ అంటే ఏదో ఒక అంచున కరెంటు తీగలుంటాయి. స్టీల్ వైరు దానికి తగిలిందంటే షాక్ కొట్టేది మీకే. వైర్ల పొడవు, మీ చెయ్యి, రెక్కలు, మీరు వెనక్కి నడిచే దూరం, అన్నీ కలిపి కొలిచినా తీగలు ఇంకా చాలా దూరంలో ఉండాలి. అనుమానం ఉంటే ఆ గ్రౌండ్ వద్దు. ఉరుముల మబ్బు పట్టినప్పుడు కూడా ఎగరేయొద్దు. ప్రతి ఫ్లైట్‌కి ముందు ఒకరు విమానాన్ని పట్టుకుంటే, ఇంకొకరు హ్యాండిల్ గట్టిగా లాగి వైర్లు, ముడులు చూడాలి. హ్యాండిల్ తాడు మణికట్టుకి తప్పకుండా ఉండాలి. చూసే పిల్లలు వృత్తం బయట, బాగా దూరంగా.

వచ్చే ఎపిసోడ్‌లో స్క్వేర్ లూప్, దాని మూలలు. అంతదాకా ఆ బొమ్మ విమానంతో ప్రాక్టీస్ చేస్తూ ఉండండి.