తనంతట తాను లేచే గ్లైడరు



వేసవిలో మిద్దెమీద వడియాలు పెట్టి కాకులకు కాపలా కూచున్నప్పుడు తలెత్తి చూస్తే, ఎండలో గద్ద గుండ్రంగా తిరుగుతూ కనిపిస్తుంది. రెక్క ఆడించదు. అయినా చుట్టు చుట్టుకీ పైకి పోతూనే ఉంటుంది. ఆ కిటుకంతా గాలిలో ఉంది. నీళ్లున్న వరిమడికంటె దున్ని ఆరిన చేను, రాతినేల త్వరగా వేడెక్కుతాయి. వాటిమీది గాలి తేలికై పైకి లేస్తుంది. గద్ద ఆ గాలిని వెతికి పట్టుకుని, అందులోనే చుట్లు తిరుగుతుంది. ఇంజను లేని విమానం, అంటే గ్లైడరు, చేసేదీ ఇదే.

అయితే గద్దకున్న వెసులుబాటు గ్లైడరుకు లేదు. దాన్ని ఎవరో ఒకరు పైకి చేర్చాలి. మరో విమానానికి తాడుతో కట్టి లాగించాలి, లేదా మైదానం చివర లాగుడు యంత్రం పెట్టి గాలిపటంలాగా ఎగరేయాలి. సాధారణంగా కింద మధ్యలో ఒకే పెద్ద చక్రం కాబట్టి, కదిలేటప్పుడు రెక్క కొస పట్టుకుని ఒకరు పరుగెత్తాలి. ఒక మనిషి సరదాగా గంటసేపు ఎగరడానికి కింద నలుగురు ఎండలో నిలబడాలన్నమాట! మన పౌరవిమాన శాఖవారు 1950ల చివరినుంచి తయారుచేసిన గ్లైడర్లకు ముచ్చటగా నక్షత్రాల పేర్లు పెట్టారు: అశ్విని, రోహిణి, కార్తీక్, మృగశిర. రోహిణిలో ఎందరో ఎన్.సి.సి. పిల్లలు ఎగరడం నేర్చుకున్నారు. అవన్నీ ఒకరు లాగితే లేచినవే.

ఈ పరాధీనం పోగొట్టడానికే, తనంతట తాను లేచే తేలిక గ్లైడర్లు వచ్చాయి. స్లొవేనియా దేశంలో ఐడోవ్‌ష్చినా అనే చిన్న ఊళ్లో పిపిస్ట్రెల్ అనే కంపెనీ ఉంది. పిపిస్ట్రెల్ అంటే గబ్బిలం. మొదట్లో వాళ్ల ముక్కోణపు రెక్కల విమానాలు మునిమాపువేళ ఎగురుతుంటే ఊరివాళ్లు గబ్బిలాలన్నారట, ఆ పేరే ఉంచేసుకున్నారు. వాళ్ల 'టారస్' గ్లైడరులో ఇద్దరు పక్కపక్కన కూచోవచ్చు. రెక్కల నిడివి ఈ కొసనుంచి ఆ కొసకు సుమారు 15 మీటర్లు. మనుషులతో కలిపినా బరువు 500 కిలోలలోపే. చక్రాలు పక్కపక్కన రెండున్నాయి, రెక్క పట్టే మనిషితో పనిలేదు. వీపు వెనకనుంచి ఇంజను, ప్రొపెల్లరు స్తంభంలాగ పైకి లేస్తాయి. కావలసిన ఎత్తు చేరాక ఆపి, మడిచి లోపల పెట్టేస్తారు. ఇక చప్పుడుండదు. కిలోమీటరు ఎత్తునుంచి, పైకి లేచే గాలి దొరకకపోయినా, 40 కిలోమీటర్ల దాకా జారిపోగలదు. 2007లో దీన్నే బాటరీతో నడిచేలా కూడా చేశారు.

ఇలాటివి ఆడవాళ్లకెందుకు అనుకోకండి. బ్రిటన్‌లో ఆన్ వెల్చ్ అనే ఆవిడ రెండో ప్రపంచయుద్ధంలో విమానాలను కర్మాగారాలనుంచి స్థావరాలకు నడిపి చేర్చారు. తర్వాత ఎన్నో ఏళ్లు గ్లైడర్లు నేర్పారు, వాటిమీద పుస్తకాలు రాశారు, ఇంకా తేలికైన విమానాలు వస్తే వాటినీ ప్రోత్సహించారు. 2002లో, 85వ ఏట పోయారు. దీనికి కండబలం కంటె కనిపెట్టి ఉండటం ముఖ్యం.

ఆ కనిపెట్టి ఉండటానికే ఇంజను ఎసరు పెడుతుంది. ఇంజను లేని గ్లైడరు నడిపేవారు ఒక కంట నేలను చూస్తూనే ఉంటారు. గాలి చాలకపోతే ఏ చేలో దిగాలి? కరెంటు తీగలు లేనిదీ, పశువులు లేనిదీ ఒకటి ఎప్పుడూ మనసులో ఉంచుకుంటారు. ఇంజను ఉంది గదా అనే ధీమా వచ్చిందంటే ఆ చూపు మందగిస్తుంది. అడవిమీదికో, కొండల మధ్యకో పోతారు. పైన చలిగాలిలో గంటలతరబడి ఊరుకున్న ఇంజను తీరా అడిగినప్పుడు అందుకోకపోతే? చలికాలం పొద్దున్నే స్కూటరు ఎన్ని తన్నులకు కదులుతుందో మనకు తెలియనిది కాదు. పైగా, లేచి నిలబడి తిరగని ప్రొపెల్లరు గాలికి అడ్డు. అంతవరకు హాయిగా తేలిన గ్లైడరు గబగబా దిగిపోతుంది, చేరగల దూరం సగానికి సగం తగ్గిపోవచ్చు. సాయానికి తెచ్చుకున్నదే బరువవుతుంది. ఆ కొద్ది నిమిషాలూ మనిషి దృష్టి మీటలమీదే గాని నేలమీద ఉండదు. అందుకే నేర్పేవారు ఒకటే చెబుతారు: ముందు దిగే చేను చూసుకో, దానిమీదికి రా, చాలినంత ఎత్తుండగానే ఇంజను వెయ్యి, అందుకోకపోతే దాన్ని మరిచిపోయి దిగు.

బాటరీ మోటారు ఈ చిక్కు కొంత తీర్చింది. ఇటలీవారి 'సైలెంట్ 2 ఎలెక్ట్రో' ఒక్కరు కూచునే గ్లైడరు. ప్రొపెల్లరు ముక్కుమీదే ఉంటుంది, ఆపితే రేకులు రెండు పక్కలకూ ముడుచుకుంటాయి. బాటరీల తంటాలు బాటరీలకున్నాయి లెండి. 2017లో బ్రిటన్‌లో ఇలాటి ముక్కు మోటారున్న మరో రకం గ్లైడరు దిగేవేళ బాటరీ అంటుకుంది. నడిపే మనిషి క్షేమంగా బయటపడ్డారు.

ఇలాటి తేలిక విమానాలకు మొత్తం విమానాన్నే మోసే పారాచూటు కూడా అమర్చుతారు. మీట లాగితే పైకి చిమ్ముకుని విచ్చుకుంటుంది. కాని నేలకు మరీ దగ్గరైతే అది విచ్చుకునే వ్యవధి ఉండదు. అప్పుడు మిగిలేది, ముందుగా చూసిపెట్టుకున్న ఆ చేనే.