మీ బిడ్డకు మాటలు వస్తున్నాయా? ఏ వయసుకు ఏం చూడాలి, ఎక్కడ చూపించాలి
(రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం: అంగన్‌వాడీ కేంద్రంలో తల్లుల సమావేశానికి ప్రసంగ పాఠం)



బిడ్డ బరువు తూకం వేస్తే తెలుస్తుంది. ఎత్తు కొలిస్తే తెలుస్తుంది. మాటకు మాత్రం తూకం లేదు. అందుకే బిడ్డ ఒక పూట బువ్వ తినకపోతే కంగారు పడే మనం, రెండేళ్లకు మాట రాకపోయినా "అదే వస్తదిలే" అని ఊరుకుంటాం. ఈ రోజు ఆ మాట గురించే చెప్తాను, కాస్త చెవి పెట్టండి.

ఏ వయసుకు ఏం చూడాలి?

రెండు మూడు నెలలకు బిడ్డ "ఊ", "ఊంగా" అంటుంది. ఆరు నెలలకు మీ గొంతు వినిపించిన వైపు తల తిప్పుతుంది. తొమ్మిది నెలలకు "బబబ", "తతత" అంటూ ముద్దుముద్దుగా పలుకుతుంది, పేరు పెట్టి పిలిస్తే చూస్తుంది. ఏడాది అటూఇటుగా "అమ్మ", "తాత", "అత్త" లాంటి మొదటి మాట వస్తుంది. ఏడాదిన్నరకు కొన్ని మాటలైనా ఉండాలి. రెండేళ్లకు "బువ్వ పెట్టు", "నాన్న రా" అని రెండు మాటలు కలపాలి. మూడేళ్లకు బయటివాళ్లకు కూడా చాలావరకు అర్థమయ్యేలా మాట్లాడాలి.

అందరు పిల్లలూ ఒకే రోజున మాట్లాడరు, నెలో రెండు నెలలో అటూఇటూ అవుతుంది. "రైలు"ను "లైలు" అన్నా, "చెట్టు"ను "తెత్తు" అన్నా ఆ వయసుకు తప్పేం లేదు. అయితే ఈ నాలుగింటిలో ఏది కనిపించినా ఆగకండి:

1. తొమ్మిది నెలలు దాటినా శబ్దానికి తిరగకపోవడం, పేరు పిలిచినా చూడకపోవడం.
2. పదహారు నెలలకు ఒక్క మాట కూడా రాకపోవడం.
3. రెండేళ్లకు రెండు మాటలు కలపకపోవడం.
4. వచ్చిన మాటలు పోవడం. ఇది ఏ వయసులో జరిగినా వెంటనే చూపించాలి.

ముందు చెవి చూపించండి

బిడ్డ విన్నదే పలుకుతుంది. వినపడకపోతే మాట రాదు. ఇక్కడ చాలా ఇళ్లలో ఒక పొరపాటు జరుగుతుంది. వినికిడి లేని బిడ్డ కూడా మొదటి నెలల్లో "ఊ ఊ" అంటుంది, నవ్వుతుంది. అది చూసి అంతా బాగుందనుకుంటాం. వెనక నుంచి పళ్లెం మోగించి, బిడ్డ తిరిగితే "వినపడుతోంది" అనేస్తాం. పళ్లెం అదురుకు తిరిగిందో, మీ నీడ చూసి తిరిగిందో తెలియదు కదా! సరైన పరీక్ష ఆసుపత్రిలోనే జరుగుతుంది. చెవిలో చిన్న గొట్టం పెట్టి చేసేది ఓఏఈ, బిడ్డ నిద్రలో ఉండగా చేసేది బెరా. సూది లేదు, నొప్పి లేదు.

ఇంట్లో పెద్దల మాటలు

"మగపిల్లలకు మాట ఆలస్యం", "వాళ్ల నాయనకూ నాలుగేళ్లకే వచ్చింది" అంటారు. మగపిల్లలకు కొద్దిగా ఆలస్యం కావచ్చు. ఆ మాట మీద ఏళ్లు గడపకూడదు. మాటలు రావాలని వస పోస్తారు. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప ఏదీ వద్దు, ఆ తర్వాత కూడా వసతో మాటలు రావు, వాంతులు అయ్యే ప్రమాదం ఉంది. నాలుక కింద నరం కోయించడమూ అంతే. మాటే రాకపోవడానికి ఆ నరం కారణం కాదు. చెవి కారితే నూనె పోయకండి, డాక్టరుకు చూపించండి.

ఇంట్లో లంబాడీ, గోండీ, ఉర్దూ మాట్లాడేవాళ్లు ఆ భాషలోనే బిడ్డతో మాట్లాడండి. రెండు భాషలు వింటే మాట ఆలస్యం కాదు. తెలుగు బడిలో ఎలాగూ వస్తుంది.

ఇంట్లో ఏం చేయాలి?

దీనికి డబ్బు అక్కర్లేదు. నీళ్లు పోసేటప్పుడు, బియ్యం ఏరేటప్పుడు, బిడ్డ మొహం చూస్తూ చేస్తున్న పని చెప్పండి. బిడ్డ "బూ" అంటే "బువ్వ కావాలా?" అని అడిగి, జవాబుకు కాసేపు ఆగండి. ఈ కాగితం మీరు ఫోన్‌లోనే చదువుతున్నారు, చదవండి. బిడ్డ చేతికి మాత్రం ఇవ్వకండి. రెండేళ్లలోపు పిల్లలకు ఫోన్ వద్దని, రెండేళ్లు దాటాక రోజుకు గంట మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఫోన్ మాట్లాడుతుంది గానీ బిడ్డ మాటకు బదులు చెప్పదు.

ఈ పథకం మీకు ఏం ఇస్తుంది?

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలందరికీ వర్తిస్తుంది. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషక లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం చూస్తారు. వినికిడి లోపం, మాట ఆలస్యం ఇందులో ఉన్నాయి. అంగన్‌వాడీకి వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు రావాలి. ఆ రోజు బిడ్డను ఇంట్లో ఉంచకండి. ఆశా కార్యకర్త 3, 6, 9, 12, 15 నెలలకు ఇంటికి వచ్చినప్పుడు మాట సంగతి మీరే అడగండి.

అనుమానం ఉంటే బృందం జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి చీటీ రాస్తుంది. పరీక్ష, చికిత్స ఉచితం. ఆ చీటీ, తల్లీబిడ్డల రక్షణ కార్డు, ఆధార్ వెంట పెట్టుకోండి. బృందం వచ్చే దాకా ఆగలేకపోతే దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. హైదరాబాద్ కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి.

కొందరికి వినికిడి యంత్రం చాలు. కొందరికి కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ అవసరమవుతుంది. బయట దీనికి లక్షల్లో ఖర్చు. కేంద్ర ఎడిప్ పథకంలో సాయం ఉంది, కానీ పుట్టు వినికిడి లోపానికి వయసు 5 ఏళ్లు దాటకూడదు. ఆపరేషన్ తర్వాత నెలల తరబడి మాటల శిక్షణకు తీసుకెళ్లాలి, అది మానేస్తే ఫలితం రాదు.

బిడ్డ మెదడు మాటను సులువుగా పట్టేది ఈ మొదటి ఏళ్లలోనే. పరీక్షలో ఏమీ లేదని తేలితే సంతోషంగా ఇంటికి రండి, పోయేది ఒక రోజు కూలి. ఏమైనా ఉండి మనం ఆలస్యం చేస్తే పోయేది బిడ్డ మాట. పైన చెప్పిన నాలుగింటిలో ఒక్కటి ఉన్నా, ఈ వారంలోనే అంగన్‌వాడీ టీచరుకు చెప్పండి.

సెలవు.