తడిసిన ఫోనుకు తొందర పనికిరాదు

(విశాఖపట్నం ప్రాంత పాల సంఘాల కార్యదర్శులు, సభ్యుల సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సమావేశాల్లో నేను సాధారణంగా లెక్కల పుస్తకాల గురించి, ఆడిట్ అభ్యంతరాల గురించి మాట్లాడుతుంటాను. మీరు ఓపికగా వింటారు. వెనక వరుసలో ఒకరిద్దరు కునుకు తీస్తారు, అది కూడా నాకు తెలుసు. ఈసారి విషయం మార్చాను. స్మార్ట్ ఫోను తడిసినప్పుడు ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నది నేటి విషయం.

ఇది సహకార ఇన్‌స్పెక్టరు చెప్పవలసిన మాటేనా అని మీరు అడగవచ్చు. నాది సహకార డిప్లొమా, ఫోన్లు బాగుచేసే డిప్లొమా కాదు. కాని ఈ మధ్య తనిఖీకి వెళ్లిన చోట్ల "లెక్క ఫోనులో ఉందండీ, ఫోను తడిసిపోయిందండీ" అనే జవాబు నా చెవిన పడుతోంది. పాల బిల్లు ఖాతాలో పడిందన్న కబురు ఫోనుకే వస్తుంది. బ్యాంకు వారి ఓటీపీ ఫోనుకే వస్తుంది. అర్ధరాత్రి గేదె ఈనలేక అవస్థ పడుతుంటే పశువుల డాక్టరును పిలిచేది కూడా ఫోనుతోనే. అందుచేత ఇది మన విషయమే.

ఒక క్యాను, ఒక ఫోను

ఒక సంఘంలో జరిగిన సంగతి చెబుతాను. ఊరి పేరు అనవసరం. కార్యదర్శి మంచివాడు, కష్టపడేవాడు. ఉదయం పూట పాలు పోయించుకుంటున్నాడు. ఫోను చొక్కా పైజేబులో ఉంది. మూత తీసిన 40 లీటర్ల క్యాను మీదికి వంగాడు. ఫోను జారి పాలలో పడింది. చేయి ముంచి తీశాడు, తువ్వాలుతో తుడిచాడు. "ఇంకా వెలుగుతోంది, ఫరవాలేదు" అనుకుని ఇద్దరితో మాట్లాడాడు కూడా. కాసేపటికి తెర మిణుకుమిణుకుమంటుంటే చార్జి అయిపోయిందేమోనని ప్లగ్గులో పెట్టాడు. పావుగంటలో ఫోను వేడెక్కి నల్లబడిపోయింది. అప్పుడు తీసుకువెళ్లి బియ్యం డబ్బాలో పాతిపెట్టాడు. మూడు రోజుల తర్వాత తీసినా అది లేవలేదు. ఆ పక్షం రోజుల పాల లెక్క అందులోనే ఉండిపోయింది.

ఫోను జారిపడడం తప్పు కాదు, అది ఎవరికైనా జరుగుతుంది. పైకి తీశాక చేసిన మూడు పనులే తప్పు. వెలుగుతోందని వాడడం ఒకటి, చార్జింగు పెట్టడం రెండు, బియ్యాన్ని నమ్ముకోవడం మూడు.

ఫోనును పాడుచేసేది ఏది?

నీరు ఒక్కటే అయితే ఫోనుకు అంత ప్రమాదం లేదు. నీటిలో కరెంటు పారడమే ప్రమాదం. గిల్టు నగలకు పూత వేసే పని మీలో కొందరు చూసే ఉంటారు. లవణాలు కలిపిన నీటి తొట్టిలో కరెంటు పారిస్తే, లోహం ఒక చోట కరిగి ఇంకొక చోట పేరుకుంటుంది. తడిసిన ఫోనులో జరిగేదీ అదే. లోపల వెంట్రుకంత సన్నని రాగి దారులు పక్కపక్కనే ఉంటాయి. తడి ఉండగా బ్యాటరీ నుంచి కరెంటు వస్తుంటే ఒక దారి కరిగి తెగిపోతుంది. కరిగిన లోహం పక్కదారి మీద పేరుకుని, కలవకూడని రెండింటినీ కలిపేస్తుంది. కరెంటు ఆపేస్తే ఈ పని చాలావరకు నెమ్మదిస్తుంది. చార్జింగు పెడితే అదే పనికి మనమే సాయం చేసినట్టు.

మనం పాల మనుషులం. మన వృత్తి మనకు తొందర నేర్పింది. పితికిన పాలు ఎంత త్వరగా కేంద్రానికి చేరి 4 డిగ్రీలకు చల్లబడితే అంత మేలు. ఆలస్యమైతే పాలు విరుగుతాయి. ఫోను సంగతి దీనికి ఎదురు. దాన్ని ఆపడంలోనే తొందరపడాలి. ఆపిన తర్వాత ఓర్పే మందు.

వెంటనే చేయవలసినవి

ఒకటి. ఫోనును తడిలోంచి తీయండి. ప్లగ్గులో ఉండగా తడిస్తే ఫోనును ముట్టుకోకుండా ముందు గోడ మీద స్విచ్చి ఆపండి. స్విచ్చి దగ్గర కూడా నీళ్లుంటే మెయినే ఆపండి. మనిషి ముందు, ఫోను తర్వాత.

రెండు. పనిచేస్తోందా లేదా అని పరీక్షించకుండా ఫోనును పూర్తిగా ఆపేయండి. తెర పలకనప్పుడు బటన్లతో ఆపే పద్ధతి ఒక్కో ఫోనుకు ఒక్కో రకంగా ఉంటుంది. దాన్ని ఫోను పొడిగా ఉన్నప్పుడే పిల్లలచేత చూపించుకుని నేర్చుకోండి.

మూడు. పైతొడుగు తీసేయండి. సిమ్ము ఉన్న చిన్న అర బయటికి లాగి సిమ్మునూ, మెమరీ కార్డునూ తీయండి. వెనక మూత ఊడే బటన్ల ఫోనయితే బ్యాటరీ కూడా తీసేయండి. బ్యాటరీ ఊడని ఫోనును ఇంట్లో విప్పవద్దు.

నాలుగు. మెత్తని పొడి నూలుగుడ్డతో అద్దండి. చార్జింగు రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని అరచేతికి మెల్లగా తట్టండి. గట్టిగా విదిలిస్తే నీరు ఇంకా లోపలికి పోతుంది. నోటితో ఊదినా అంతే.

ఐదు. గాలి ఆడే చోట, రంధ్రం కిందికి ఉండేలా ఆనించి ఫ్యాను గాలికి ఉంచండి. తుంపర పడిన ఫోను తొందరగానే ఆరుతుంది. పూర్తిగా మునిగినదానికి కనీసం ఒక రోజు ఇవ్వండి, రెండు రోజులయితే ఇంకా మంచిది. మన తీరంలో గాలిలోనే తేమ ఎక్కువ కనుక ఇక్కడ ఆరడం ఆలస్యమవుతుంది.

చేయకూడనివి కూడా వినండి. ఎండలో పెట్టవద్దు. పొయ్యి గట్టు మీద పెట్టవద్దు. జుట్టు ఆరబెట్టే యంత్రం పట్టవద్దు. ఎక్కువ వేడికి బ్యాటరీ చెడుతుంది, అంచుల్లోని జిగురు వదులవుతుంది. రంధ్రంలో పుల్ల, దూది, పిన్నీసు దూర్చవద్దు. "తేమ ఉంది" అని ఫోనే హెచ్చరిస్తే, ఆ మాట కాదని చార్జింగు పెట్టవద్దు.

బియ్యం డబ్బా సంగతి

బియ్యంలో పెడితే నీరు పీల్చుకుంటుందని ఇంటింటా నమ్మకం. నిల్వ ఉంచే బియ్యంలోనే నూటికి 12 నుంచి 14 వంతుల తేమ ఉంటుంది. ఫోను కడుపులోని నీటిని ఆ బియ్యం బయటికి లాగలేదు. గాలి తగలకుండా కప్పి ఉంచడం వల్ల ఆరడం ఇంకా ఆలస్యమవుతుంది. తవుడు, పిండి పొడి చార్జింగు రంధ్రంలో చేరుతుంది. ఐఫోను తయారుచేసే యాపిల్ కంపెనీ కూడా తడిసిన ఫోనును బియ్యం సంచిలో పెట్టవద్దనే చెబుతుంది. కొందరికి బియ్యంలో పెట్టాక బాగుపడిన మాట నిజమే. అది మూడు రోజులు ఆపి ఉంచిన ఫలితం, బియ్యం మహిమ కాదు. బియ్యాన్ని అన్నానికి ఉంచుకుందాం.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు నా బటన్ల ఫోను జేబులోనే తడిసి ముద్దయింది. బ్యాటరీ తీసి గూట్లో పడేశాను. ఊరంతటికీ కరెంటు లేదు. చార్జింగు పెట్టాలనుకున్నా పెట్టలేని స్థితి. కరెంటు వచ్చిన రోజున బ్యాటరీ వేసి చూస్తే అది లేచింది. నాతో పనిచేసే ఒకాయన మర్నాడే జనరేటరు ఉన్న చోటు వెతుక్కుని తన ఫోనుకు చార్జింగు పెట్టించుకున్నాడు. అది అక్కడే కాలిపోయింది. రెండు ఫోన్లను చూసి సిద్ధాంతం చేయకూడదు గాని, ఆ పాఠం నేను మరిచిపోలేదు.

సముద్రపు నీరు, పాలు, కుడితి

మనది రేవు పట్నం, ఉక్కు పట్నం. ఉప్పు ఇనుమును ఎలా తింటుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. రేవులో ఓడల అడుగుకు రంగులు పూయడం, జింకు దిమ్మలు బిగించడం ఆ ఉప్పు బాధకే. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. నీరు ఆరిపోయినా ఉప్పు లోపలే ఉండిపోయి, గాలిలోని తేమను పీల్చుకుంటూ లోహాన్ని తింటూనే ఉంటుంది. భీమిలి వైపు తీరంలో కెరటం తగిలి తడిసిన ఫోను నాలుగు రోజులు బాగా పనిచేసి ఆ తర్వాత ఆగిపోయిందంటే కారణం అదే కావచ్చు.

పాలూ అంతే. గేదె పాలలో నూటికి 80 వంతులకు పైగా నీరే. ఆ నీరు ఆరినా వెన్న, మాంసకృత్తులు, పాలచక్కెర, లవణాలు మిగిలి లోపల అట్టకడతాయి. కుడితి తొట్టిలో పడినా, గేదెలను కడిగే చెరువులో పడినా ఇదే గతి. ఇలాంటి వాటికి ఆరబెట్టడం ఒక్కటే చాలదు. ఫోను ఆపి, అదే రోజు మరమ్మతు తెలిసినవాడి దగ్గరికి తీసుకువెళ్లండి. అతను విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో లోపల శుభ్రం చేస్తాడు. అది మండే ద్రవం కనుక ఇంట్లో ఆ ప్రయోగం వద్దు.

"మాది నీటికి తట్టుకునే ఫోను" అని కొందరు అంటారు. పెట్టె మీద ఐపీ67 అని ఉంటే ఒక మీటరు లోతు మంచినీటిలో అరగంట వరకు తట్టుకున్నదని అర్థం. ఐపీ68 అంటే తయారీదారు చెప్పిన హద్దు మేరకు అంతకు మించి తట్టుకున్నదని. ఆ పరీక్ష కొత్త ఫోనుకు మంచినీటిలో చేసినది. పాలకూ సబ్బునీటికీ ఉప్పునీటికీ ఆ హామీ వర్తించదు. రెండుసార్లు కిందపడి, ఒకసారి విప్పి బిగించిన ఫోనుకు ఆ కట్టుదిట్టం ఉంటుందని చెప్పలేం.

ఆరిన తర్వాత

రెండు రోజుల తర్వాత ఫోనును ఆన్ చేయండి. బాగా నడిస్తే ముందు అందులోని లెక్కలు, ఫొటోలు వేరే చోటికి ఎక్కించుకోండి. ఆ తర్వాతే చార్జింగు పెట్టండి, మొదటిసారి దగ్గర కూర్చుని చూడండి. ఫోను వేడెక్కినా, వీపు ఉబ్బినా, ఘాటైన వాసన వచ్చినా స్విచ్చి ఆపండి. చేత్తో పట్టుకునే స్థితిలో ఉంటే ఆరుబయట సిమెంటు గచ్చు మీద పెట్టండి. గడ్డికుప్పకూ పశువుల పాకకూ దూరంగా ఉండాలి. దిండు కింద మాత్రం ఎన్నడూ పెట్టుకోవద్దు. ఉబ్బిన బ్యాటరీని నొక్కవద్దు, గుచ్చవద్దు.

మీ డబ్బు ఎక్కడికీ పోలేదు

ఒక పెద్దామె నా దగ్గరికి వచ్చి కన్నీళ్లు పెట్టుకుంది. ఫోను కుడితి తొట్టిలో పడిందట. "పాల డబ్బులన్నీ అందులోనే ఉన్నాయి బాబూ" అంది. డబ్బు ఫోనులో ఉండదు తల్లీ, బ్యాంకు ఖాతాలో ఉంటుంది అని చెప్పి, పాసుపుస్తకం తీసుకుని బ్యాంకుకు వెళ్లమన్నాను. డబ్బు భద్రంగానే ఉంది. సిమ్మును పొడిగా తుడిచి వేరే ఫోనులో వేస్తే కబుర్లు, ఓటీపీలు మళ్లీ వస్తాయి. సిమ్మే పాడయితే ఆధార్ పట్టుకుని కంపెనీ దుకాణానికి వెళితే అదే నంబరు ఇస్తారు. ఈ గాభరాలో ఓటీపీ గాని, బ్యాంకు పిన్ను గాని ఎవరికీ చెప్పవద్దు. మరమ్మతుకు ఇచ్చేటప్పుడు సిమ్ము మీ దగ్గరే ఉంచుకోండి.

చివరిగా ఆ క్యాను సంగతి

కార్యదర్శి కథ సగమే చెప్పాను. ఫోను పడిన ఆ క్యాను ఏమయిందని మీలో ఎవరూ అడగలేదు. అక్కడున్న ఒకరిద్దరు "వడకట్టి పంపేద్దాం, ఎవరికి తెలుస్తుంది" అన్నారట. ఫోను పశువుల పాకలోనూ, బస్సులోనూ, అందరి చేతుల్లోనూ తిరిగే వస్తువు. దాని మీది మురికిని వడగుడ్డ ఆపలేదు. ఆ పాలు బల్క్ కూలరులో కలిస్తే ఊరందరి పాలూ అదే అవుతాయి. ఎవరో ఒక పసివాడి గ్లాసులోకి వెళతాయి. కార్యదర్శి ఆ క్యాను పక్కన పెట్టించాడు. జరిగింది జరిగినట్టు పుస్తకంలో రాసి సంతకం చేశాడు. పోసిన రైతులు మంచి పాలే పోశారు కనుక వారి బిల్లులో కోత పెట్టలేదు. నష్టం సంగతి కమిటీ ముందు పెట్టాడు. ఫోను విషయంలో ఆయన చేసినవన్నీ తప్పులే, పాల విషయంలో చేసింది మాత్రం నూటికి నూరుపాళ్లు ఒప్పు. ఆ ఒక్క పనికి నేను ఆయనకు నమస్కారం పెట్టాను.

కనుక మీకు నా మనవి. పాలు కొలిచే చోట గోడకు ఒక చిన్న చెక్క అల్మరా బిగించండి. క్యాన్లు కడిగే చోటికి దూరంగా ఉండాలి. సేకరణ వేళ అందరి ఫోన్లూ అందులోనే ఉండాలి, పైజేబుల్లో ఉండకూడదు. వానాకాలంలో ఒక ప్లాస్టిక్ సంచి వెంట ఉంచుకోండి. ఏ పూట లెక్క ఆ పూటే పుస్తకంలోకి ఎక్కించండి, పాల చీటీ సభ్యుడి చేతికి ఇవ్వండి.

చూశారా, ఎంత విషయం మార్చినా చివరికి లెక్కల పుస్తకం దగ్గరికే వచ్చాను. ఫోను తడిస్తే ఆరబెట్టుకోవచ్చు, పాడయితే ఇంకొకటి కొనుక్కోవచ్చు. రాయని లెక్కను మాత్రం ఏ ఫ్యాను గాలీ తిరిగి తీసుకురాలేదు.