చీర ఫొటో బరువు ఎంత?



తెలంగాణ నుంచి సూరత్‌కు వెళ్లి, మరమగ్గాల మీద పనిచేస్తూ అక్కడే స్థిరపడిన నేత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అలాంటి ఇంటి పిల్లలెవరో చీరలు అమ్మే దుకాణానికి ఒక యాప్ తయారు చేస్తున్నారనుకుందాం. అందులో 100 చీరల ఫొటోలు పెట్టాలి. ఎంత చోటు కావాలి?

లెక్క వేద్దాం. అడ్డంగా 1000, నిలువుగా 1000 చుక్కలున్న ఫొటోలో మొత్తం 10 లక్షల చుక్కలుంటాయి. వీటినే పిక్సెల్స్ అంటాం. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు చుక్కకు 3 బైట్లు. కుదించకుండా ఉంచితే ఒక్క చీరకు సుమారు 3 మెగాబైట్లు, 100 చీరలకు 300. ఫొటో తెరుచుకునేదాకా ఎదురుచూసే ఓపిక ఏ కొనుగోలుదారుకుంటుంది?

మొదటి ఉపాయం సులువైనది, అందరూ మరచిపోయేదీ అదే. తెర మీద చీర 500 చుక్కల వెడల్పులోనే కనిపిస్తుంటే 1000 చుక్కల ఫొటో ఎందుకు? పొడవు, వెడల్పు సగం చేస్తే బరువు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది.

రెండవది జేపెగ్ పద్ధతి. ఇది ఫొటోను 8×8 చుక్కల గళ్లుగా విడదీసి, ఒక్కో గడిలో రంగు నెమ్మదిగా మారుతోందా, చకచకా మారుతోందా అని కొలుస్తుంది. మరీ సన్నని మార్పులను మన కన్ను అంతగా పట్టించుకోదు. కనుక వాటిలో చాలావాటిని సున్నా చేసేస్తుంది. ఈ కొలతకు ఆధారం డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అనే గణితం. బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్ 1972లో దీనిపై పరిశోధనకు అమెరికాలో నిధులు కోరితే దొరకలేదు. ఆలోచన మరీ తేలికగా ఉందని ఒక పరిశీలకుడు అన్నాడట! ఆయన వదల్లేదు. తన విద్యార్థి టి. నటరాజన్‌తోను, కె.ఆర్. రావుతోను కలిసి 1974 జనవరిలో దాన్ని ప్రచురించారు. 1992లో వచ్చిన జేపెగ్ ప్రమాణం దాని మీదే నిలిచింది.

ఇప్పుడు మన చీరకు వద్దాం. మధ్యలోని సాదా భాగం ఎంత కుదించినా బాగానే ఉంటుంది. సూరత్ పేరుమోసిన జరీ ఉండే అంచు అలా కాదు. అక్కడ రంగు చుక్క చుక్కకూ మారుతుంది. గట్టిగా కుదిస్తే అంచు గళ్లుగళ్లుగా, మసకగా తయారవుతుంది. కొనేవాళ్లు చూసేదేమో ఆ అంచునే!

బటన్లు, గుర్తుల వంటి కొద్ది రంగుల బొమ్మలకు పీఎన్‌జీ మేలు. రంగులు 256కు మించకపోతే చుక్కకు ఒక బైటు చాలు, ఆపైన ఇంకా కుదించవచ్చు. నష్టమేమీ ఉండదు.

ఆటలు తయారు చేసేవారు మరొకటి గమనించాలి. 1024×1024 బొమ్మ ఫైలుగా 100 కిలోబైట్లే ఉండవచ్చు. ఆటలో విప్పినప్పుడు పారదర్శకతతో కలిపి చుక్కకు 4 బైట్ల చొప్పున 4 మెగాబైట్ల మెమరీ ఆక్రమిస్తుంది. అందుకే గ్రాఫిక్స్ చిప్ నేరుగా చదవగల ఏఎస్‌టీసీ వంటి పద్ధతులు వాడతారు. అందులో 4×4 గడికి 16 బైట్లే, అంటే అదే బొమ్మ 1 మెగాబైటులో సరిపోతుంది.

ఇంట్లోని ఒక జరీ చీరను ఫొటో తీయండి. నాణ్యత 90, 60, 30 వద్ద మూడు ప్రతులు చేయండి. మూడింటినీ అసలు ఫొటో నుంచే చేయాలి, ఒక ప్రతి నుంచి మరొకటి కాదు. అంచును పెద్దది చేసి చూసి, ఏ ప్రతిలో జరీ పోగు కనిపించకుండా పోయిందో, అప్పటికి ఫైలు ఎంత తగ్గిందో రాసుకోండి.