కోర్టును నడిపేవారిని ఎవరు నియమించాలి?

ఈరోజు పట్టాలు అందుకున్న మీ అందరికీ హృదయపూర్వక అభినందనలు.

బేగంబజార్ నుంచి అఫ్జల్‌గంజ్ మీదుగా నయాపూల్ దాటితే మూసీ ఒడ్డున హైకోర్టు కనిపిస్తుంది. 1920 నుంచీ అది అక్కడే ఉంది. తీర్పు చెప్పేది జడ్జి. కానీ ఫైలు బెంచి మీదికి రావాలన్నా, సమన్లు సకాలంలో అందాలన్నా, తీర్పు నకలు కక్షిదారు చేతికి చేరాలన్నా రిజిస్ట్రార్ నుంచి గుమాస్తా దాకా అందరూ సరిగా పనిచేయాలి. మరి వారిని నియమించాల్సింది ఎవరు?

మీలో చాలామంది వ్యాపార కుటుంబాల పిల్లలు. మనకు బాకీపడ్డ మనిషే వచ్చి, మీ కొట్టుకు గుమాస్తాను నేను పెడతానంటే ఒప్పుకుంటామా? ఈ దేశంలో అందరికంటే పెద్ద కక్షిదారు ప్రభుత్వమే. అందుకే రాజ్యాంగం 229వ అధికరణంలో హైకోర్టు సిబ్బంది నియామకాన్ని ప్రధాన న్యాయమూర్తికి అప్పగించింది. 235వ అధికరణంలో కింది కోర్టులపై అదుపును హైకోర్టుకు ఇచ్చింది.

ఈ హద్దుకు పరీక్ష మన దగ్గరే ఎదురైంది. 1973లో 32వ సవరణతో వచ్చిన 371-డి అధికరణం కింద ఆంధ్రప్రదేశ్ ఉద్యోగుల వివాదాలకు ట్రిబ్యునల్ ఏర్పడింది. దాని ఉత్తర్వును రద్దుచేసే అధికారం అప్పట్లో రాష్ట్ర ప్రభుత్వానికి ఉండేది. హైకోర్టు సిబ్బంది, కింది కోర్టుల జడ్జీలు కూడా దాని పరిధిలోకి వస్తే, వారి ఉద్యోగాల మీద చివరి మాట సచివాలయానిదే అయ్యేది. 1978లో దీక్షితులు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ సిబ్బంది, జడ్జీలు ట్రిబ్యునల్ పరిధిలోకి రారని తేల్చింది. అది సరైన తీర్పని నా దృఢ విశ్వాసం.

అయితే నియమించే అధికారం కోర్టుకు ఉంటే చాలదు. జీతభత్యాలు, పెన్షన్ నిబంధనలకు గవర్నర్ ఆమోదం కావాలి. నిధులు ప్రభుత్వ ఖజానా నుంచే రావాలి. ఉదాహరణకు, 13వ ఆర్థిక సంఘం 2010–15 కాలానికి కోర్టుల పాలనా పనులు చూసే కోర్టు మేనేజర్ల కోసం 300 కోట్ల రూపాయలు సిఫార్సు చేసింది. ఎంబీఏ చదివినవారిని కాంట్రాక్టు మీద తీసుకున్నారు. ఆ గడువు తీరాక చాలా చోట్ల ఆ ఉద్యోగాలు గాలిలో వేలాడాయి. చివరికి 2025 మేలో సుప్రీంకోర్టు, నిబంధనలు రూపొందించి వారిని క్రమబద్ధీకరించమని హైకోర్టులను, రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. నియామకం హైకోర్టు చేతిలోనే ఉండాలి. ఎంపిక అందరికీ అవకాశమున్న రాతపరీక్షతో, ప్రకటించిన మార్కులతో జరగాలి. ఉద్యోగం పర్మినెంటుగా ఉండాలి. ప్రభుత్వం డబ్బివ్వాలి, పేర్లు సూచించకూడదు.

వాణిజ్యం, న్యాయం, మేనేజ్‌మెంట్ చదివిన పట్టభద్రులారా! కోర్టుల్లో జడ్జి కుర్చీ ఒక్కటే గౌరవమైనది కాదు. వాయిదాల మీద వాయిదాలతో నలిగిపోతున్న కక్షిదారుకు మీ చదువు అవసరం ఉంది. కోర్టు ఉద్యోగాల పరీక్షలు రాయండి, ఎవరి సిఫార్సూ లేకుండా గెలవండి.