ఏజెంటు కుర్చీ ఖాళీగా ఉండొద్దు
(పోలింగ్ ఏజెంట్ల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ధర్నాలు చేసినం, రైళ్లు ఆపినం, లాఠీ దెబ్బలు తిన్నం. 2014 జూన్ 2న రాష్ట్రం తెచ్చుకున్నం. కొట్లాడుడు మనకు కొత్త కాదు. పొద్దుగాల నుంచి మాపటిదాక పోలింగ్ కేంద్రంల ఓపికతోని కూసునుడే మనకు కష్టం. ఇయ్యాల మిమ్ముల అడిగేది ఆ పనే.

పోలింగ్‌కు గంటన్నర ముందు మాక్ పోల్ పెడతరు. కనీసం 50 ఓట్లు వేసి, లెక్క చూసి, వాటిని తుడిచేసినంకనే అసలు పోలింగ్ మొదలుపెట్టాలె. అది మీ కండ్ల ముంగట జరగాలె. తీరిగ్గ ఏడు గంటలకు పోతే అప్పటికే అయిపోతది.

ఒకరి పేరు మీద ఇంకొకరు ఓటు వేయనీకి వస్తే గల్లా పట్టొద్దు. 2 రూపాయలు కట్టి ప్రిసైడింగ్ అధికారికి అభ్యంతరం చెప్పుండ్రి. విచారించి తేల్చుడు ఆయన బాధ్యత.

ఆఖరుకు అసలు సంగతి, 17సి ఫారం. మొత్తం ఎన్ని ఓట్లు పడ్డయో, మిషన్ నంబరు ఎంతో దాంట్ల రాస్తరు. పోలింగ్ ముగిసేటప్పుడు ఉన్న ఏజెంటుకు దాని నకలు ఇయ్యాలె. మధ్యాహ్నమే లేచిపోయినోనికి అది దక్కది. లెక్కింపు నాడు మిషన్ల అంకెను దానితోనే సరిచూస్తం. ఆ కాగితం లేకుంట "మోసం" అని ఎంత మొత్తుకున్నా వినేటోడు ఉండడు.

2019ల నిజామాబాద్ లోక్‌సభ సీటుకు 185 మంది నిలబడ్డరు. అండ్ల 178 మంది పసుపు, ఎర్రజొన్న రైతులు. గిట్టుబాటు ధర కోసం నామినేషన్ వేసిన రైతుకు కేంద్రానికొక ఏజెంటు ఏడికెళ్లి రావాలె? పెద్ద పార్టీలకు మనుషులు దొరుకుతరు. పైసలు లేని అభ్యర్థికి మీరే దిక్కు.

ఉద్యోగులకు ఒక మాట. మీరు ఏజెంటుగా కూసోవద్దు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 134ఏ సెక్షన్ కింద మూడు నెలల దాక జైలు పడొచ్చు. మీ కుర్చీ ఎన్నికల డ్యూటీది. అండ్ల కూసున్ననాడు మీకు ఏ పార్టీ లేదు. 17సి అడిగిన పిల్లగాడు ఎవరి తరఫున వచ్చినా విసుక్కోకుంట చేతుల పెట్టుండ్రి.

మనం గెలవొచ్చు, ఓడొచ్చు. ఓడిననాడు గూడ లెక్క సరిగ్గనే ఉన్నదని జనానికి నిజం చెప్పాలంటే, ఆ కాగితం మన జేబుల ఉండాలె.